ఎల్‌పీఎన్ నుంచి ఆర్‌ఎన్: నర్సింగ్ హోమ్‌లో పనిచేస్తూనే చదవాలనుకునేవారికి

న్యూజెర్సీ నుంచి ఒక చెల్లెలు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. గుంటూరులో బీఎస్సీ చదివి, పెళ్లయ్యాక అమెరికా వచ్చారు. ఇక్కడ ఎల్‌పీఎన్ (లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్సు) కోర్సు పూర్తిచేసి, కొన్నేళ్లుగా వృద్ధులు ఉండే ఒక నర్సింగ్ హోమ్‌లో మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 11 వరకు షిఫ్టు చేస్తున్నారు. గ్రీన్‌కార్డు వచ్చింది. ఇద్దరు పిల్లలు. ఉద్యోగం మానకుండా ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) కావచ్చా, ఆన్‌లైన్ చదువు చెల్లుతుందా, ఇండియా డిగ్రీ పనికొస్తుందా, నర్సింగ్ హోమ్ అనుభవానికి అసలు విలువ ఉందా, 36 ఏళ్ల వయసులో ఇది నెత్తికెత్తుకోవడం తెలివైన పనేనా అన్నవి ఆమె సందేహాలు.

అమ్మా, కావచ్చు. నేనూ సీఎన్‌ఏగా (నర్సు సహాయకురాలిగా) మొదలుపెట్టి, ఎల్‌పీఎన్ చేసి, ఆ తర్వాత ఆర్‌ఎన్ అయినదాన్నే. ఇప్పుడు ఇదే రాష్ట్రంలో వృద్ధుల సంరక్షణలోనే నర్సులను పర్యవేక్షిస్తున్నాను. మీలాంటివాళ్లు ఏటా నా దగ్గరికి సలహాకు వస్తారు. వాళ్లలో చదువు మధ్యలో ఆపేసినవారిని గమనిస్తే, తెలివి చాలక ఆపినవారు చాలా తక్కువ. ఎక్కువమంది తప్పు కాలేజీలో డబ్బు పోసినవారు, లేదా వారానికి 40 గంటల పని తగ్గించకుండా క్లినికల్స్‌కు, అంటే రోగుల దగ్గర చేసే శిక్షణకు, వెళ్లి ఒంట్లో శక్తి అయిపోయినవారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు మీ చివరి ప్రశ్నకు ముందున్న ప్రశ్న తీసుకుంటాను, ఎందుకంటే మిగతా అన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. నర్సింగ్ హోమ్ అనుభవానికి విలువ ఉందా? చాలా ఉంది. కానీ అది దానంతట అది ఆర్‌ఎన్ చదువుకు ఉపయోగపడదు. మీరు పనిచేసే తీరులో ఒక మార్పు తెచ్చుకుంటేనే ఉపయోగపడుతుంది.

ఎల్‌పీఎన్‌కూ ఆర్‌ఎన్‌కూ తేడా ఏమిటని అడిగితే చాలామంది ఐవీ (నరంలోకి ఎక్కించే) మందులు, రక్తం ఎక్కించడం, జీతం అని చెబుతారు. అవి పైపైన కనిపించే తేడాలు, రాష్ట్రాన్ని బట్టి మారుతుంటాయి కూడా. అసలు తేడా చట్టంలోనే ఉంది. న్యూజెర్సీ చట్టం ప్రకారం ఎల్‌పీఎన్ ఆర్‌ఎన్ లేదా వైద్యుడి నిర్దేశంలో పనిచేయాలి. అంటే చూసినదాన్ని చెప్పడం, చెప్పినదాన్ని చేయడం మీ బాధ్యత. చూసినదానికి అర్థం ఏమిటో తేల్చడం, ఏం చేయాలో నిర్ణయించడం, కేర్ ప్లాన్ రాయడం, చేశాక ఫలితం వచ్చిందో లేదో చూడడం ఆర్‌ఎన్ బాధ్యత. బ్రిడ్జి కోర్సులో, అంటే ఎల్‌పీఎన్‌లను ఆర్‌ఎన్‌లుగా తయారుచేసే చదువులో, మీరు నేర్చుకునేదంతా ఈ ఒక్క మార్పు చుట్టూనే తిరుగుతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. 84 ఏళ్ల ఆవిడ, డిమెన్షియా ఉంది. రోజూ సాయంత్రం హాల్లో అటూ ఇటూ తిరుగుతూ, తన హ్యాండ్‌బ్యాగు ఎవరో తీశారని కేకలు వేస్తుంటారు. ఈరోజు కుర్చీలో తల వాల్చి కూర్చున్నారు. భోజనం సగం కూడా తినలేదు. షిఫ్టు మారేటప్పుడు ఎవరో 'ఈరోజు ఆవిడ ప్రశాంతంగా ఉన్నారు' అన్నారు. మీరు జ్వరం చూస్తే 99.4 ఉంది. చార్టులో 'జ్వరం లేదు' అని రాసి మందుల బండి ముందుకు తోసేయవచ్చు.

ఇక్కడ ఆగాలి. ఆవిడకు మామూలుగా ఉండే ఉష్ణోగ్రత ఎంత? పాత చార్టు తిరగేస్తే 97 దగ్గర ఉంటుంది. అంటే 2 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే ఎక్కువే పెరిగింది. దీర్ఘకాలిక సంరక్షణలో ఉన్న వృద్ధుల విషయంలో అమెరికా అంటువ్యాధుల వైద్య నిపుణుల సంఘం 2008లో ఇచ్చిన మార్గదర్శకాలు దీన్ని జ్వరంగానే లెక్కించమంటాయి: నోటిలో ఒక్కసారి 100 దాటినా, పలుమార్లు 99 దాటినా, తన మామూలు స్థాయి కంటే 2 డిగ్రీలు పెరిగినా జ్వరమే. ఇప్పుడు శ్వాస లెక్కపెట్టండి. పూర్తిగా ఒక నిమిషం పాటు లెక్కపెట్టాలి, 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చించడం కాదు. 26 వచ్చింది. నిమిషానికి 25 గానీ అంతకు మించి గానీ ఉంటే ఆక్సిజన్ చూడాలని అవే మార్గదర్శకాలు చెబుతాయి. ఆక్సిజన్ 90 అనుకోండి. ఆ 'ప్రశాంతత' డిమెన్షియా కాదు, కదలిక తగ్గించే రకం డెలిరియం (జబ్బు వల్ల హఠాత్తుగా వచ్చే మతిభ్రమ). వెనక న్యుమోనియా ఉండే అవకాశం ఉంది. ఇంకో రెండు షిఫ్టులు గడిచిపోతే ఆవిడ అంబులెన్సులో వెళ్తారు.

ఎల్‌పీఎన్‌గా మీరు ఈ అంకెలన్నీ సేకరించి సూపర్‌వైజరుకు చెప్పగలరు, చెప్పాలి కూడా. కానీ 'ఆవిడ బాగా లేరు, ఒకసారి వచ్చి చూడండి' అనడం ఒకటి. 'మామూలుగా 97 ఉండేది 99.4 అయింది, శ్వాస 26, ఆక్సిజన్ 90, మధ్యాహ్నం నుంచి మాట తగ్గింది, న్యుమోనియా కావచ్చని నా అనుమానం, ఎక్స్‌రే అడుగుదామా' అనడం వేరు. రెండోది ఆర్‌ఎన్‌లా ఆలోచించడం. దానికి లైసెన్సు అక్కర్లేదు. రేపటి షిఫ్టు నుంచే మొదలుపెట్టవచ్చు. ఎస్‌బార్ పద్ధతిలో, అంటే పరిస్థితి, నేపథ్యం, అంచనా, సిఫార్సు వరుసలో, ప్రతి ఫోనుకు ముందు ఒక కాగితం మీద రాసుకోండి. మొదటి రెండూ మీరు ఇప్పటికే బాగా చెబుతుంటారు. చివరి రెండూ చెప్పడానికి ఎల్‌పీఎన్‌లకు భయం. చెప్పడం అలవాటు చేసుకోండి, ఒప్పుకోవడమో కాదనడమో వినేవారు చూసుకుంటారు.

ఇదే సాధన పరీక్షలోనూ పనికొస్తుంది. నర్సు లైసెన్సు పరీక్ష అయిన ఎన్‌క్లెక్స్ 2023 ఏప్రిల్‌లో మారింది. కొత్త పరీక్ష కొలిచేది సరిగ్గా ఈ ఆలోచననే: లక్షణాలు గుర్తించడం, వాటిని కలిపి అర్థం చేసుకోవడం, ఏది ముందో తేల్చడం, పరిష్కారాలు ఆలోచించడం, చర్య తీసుకోవడం, ఫలితం చూడడం. పైన చెప్పిన ఆవిడ కథలో ఈ ఆరూ ఉన్నాయి. ఆసుపత్రిలో రోగి నాలుగు రోజులు ఉండి వెళ్లిపోతారు, వారి మామూలు స్థితి ఏమిటో నర్సుకు తెలియదు. మీకు ఒక్కొక్కరి నడక, తిండి, నిద్ర, కోపం అన్నీ తెలుసు. మామూలు ఏమిటో తెలిసినవారికే మార్పు ముందుగా కనిపిస్తుంది. ఈ లాభం బ్రిడ్జి క్లాసులో మీ పక్కన కూర్చునే చాలామందికి ఉండదు.

అయితే మీ అనుభవంలో పెద్ద ఖాళీలు ఉన్నాయని కూడా తెలుసుకోవాలి. ప్రసూతి, పసిపిల్లలు, మానసిక వైద్యం, ఆపరేషన్ అయిన రోగి మొదటి 24 గంటలు: ఇవేవీ నర్సింగ్ హోమ్‌లో కనిపించవు. గుండె మందులు, ఇన్సులిన్, పడక పుండ్లు, వాటి ముప్పును కొలిచే బ్రేడెన్ స్కోరు మీకు కంఠతా వచ్చు కాబట్టి వాటి మీద సమయం పెట్టకండి. ప్రసూతి, పిల్లల నర్సింగ్ పుస్తకాలు సెమిస్టరు మొదలయ్యేలోపే తెరవండి. నా దగ్గర చదివిన ఎల్‌పీఎన్‌లు ఎక్కువగా మార్కులు పోగొట్టుకున్నది అక్కడే.

ఇక కాలేజీ సంగతి. ఇక్కడ కొంచెం గట్టిగా చెప్పక తప్పదు.

మీరు పనిచేస్తూ చదవాలనుకుంటున్నారు కాబట్టి కౌంటీ కాలేజీలో ఎల్‌పీఎన్ నుంచి ఆర్‌ఎన్ బ్రిడ్జి, అంటే అసోసియేట్ డిగ్రీ, మీకు సరైన దారి అని నా అభిప్రాయం. ప్రిరిక్విజిట్లు (ముందుగా చదవాల్సిన సబ్జెక్టులు) పూర్తయ్యాక నర్సింగ్ భాగం చాలాచోట్ల మూడు సెమిస్టర్ల పని. ఫీజు తక్కువ. రాసేది అదే ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్, వచ్చేది అదే లైసెన్సు. బీఎస్‌ఎన్ (నర్సింగ్ బ్యాచిలర్ డిగ్రీ) ఆ తర్వాత ఆన్‌లైన్‌లో నెమ్మదిగా చేసుకోవచ్చు, చాలా కంపెనీలు దానికి డబ్బు కూడా ఇస్తాయి. ఒకవేళ మీరు న్యూయార్క్‌లో పనిచేసే ఉద్దేశంతో ఉంటే, అక్కడ 2017 డిసెంబరులో వచ్చిన చట్టం కొత్త ఆర్‌ఎన్‌లు పదేళ్లలో బీఎస్‌ఎన్ పూర్తి చేయాలంటుందని గుర్తుంచుకోండి.

కాలేజీని ఎంచుకునేటప్పుడు మూడు విషయాలు చూడండి. రాష్ట్ర నర్సింగ్ బోర్డు ఆమోదించిన జాబితాలో ఉందా? నర్సింగ్ కోర్సులను పరిశీలించే ఏసీఈఎన్ లేదా ఎన్‌ఎల్‌ఎన్ సీఎన్‌ఈఏ సంస్థల గుర్తింపు ఉందా? గత కొన్నేళ్లలో అక్కడి విద్యార్థులు మొదటి ప్రయత్నంలో ఎన్‌క్లెక్స్ ఎంతమంది పాసయ్యారు? ఈ వివరాలు బోర్డు వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. కాలేజీ ఏజెంటు చెప్పిన అంకె మీద కాకుండా బోర్డు ఇచ్చిన అంకె మీద ఆధారపడండి. మొదటిది లేకపోతే మీరు ఎన్‌క్లెక్స్ రాయనే లేరు. రెండోది లేకపోతే తర్వాత బీఎస్‌ఎన్‌కు, కొన్ని ఆసుపత్రుల ఉద్యోగాలకు తలుపులు మూసుకుంటాయి.

ఆన్‌లైన్ గురించి అడిగారు. థియరీ ఆన్‌లైన్‌లో ఉండవచ్చు, ఇబ్బంది లేదు. క్లినికల్స్ మాత్రం ఒక బోధకురాలి పర్యవేక్షణలో, నిజమైన రోగుల దగ్గర జరగాలి. అలా జరగని ప్రోగ్రాములను కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాలు ఒప్పుకోవు. ఇంకో రాష్ట్రంలో ఉన్న ఆన్‌లైన్ ప్రోగ్రాములో చేరే ముందు, 'న్యూజెర్సీలో నివసించే నాకు మీ డిగ్రీతో న్యూజెర్సీ లైసెన్సు వస్తుందా' అని రాతపూర్వకంగా అడగండి. రాసి ఇవ్వకపోతే వదిలేయండి.

'పనిచేసే ఎల్‌పీఎన్‌లకు ప్రత్యేకం, క్లినికల్స్ అక్కర్లేదు, కొన్ని నెలల్లో సర్టిఫికెట్' అని ఎవరైనా వాట్సాప్‌లో పంపితే దాని వైపు చూడనే వద్దు. 2023 జనవరిలో ఆపరేషన్ నైటింగేల్ పేరుతో ఫ్లోరిడాలో బయటపడిన మోసం ఇలాంటిదే. మూడు నర్సింగ్ స్కూళ్ల పేరుతో 7,600కు పైగా దొంగ డిప్లొమాలు అమ్మారని దర్యాప్తులో తేలింది, 25 మందిపై కేసులు పెట్టారు. కొన్నవారిలో ఏళ్ల తరబడి రోగుల పక్కన పనిచేసిన ఎల్‌పీఎన్‌లూ ఉన్నారు. ఆ స్కూళ్లలో చదివారన్న వివరం కనబడగానే అనేక రాష్ట్రాల బోర్డులు లైసెన్సులు తిరిగి పరిశీలించాయి, రద్దు చేశాయి. దొంగ కాగితంతో ఆర్‌ఎన్ కాబోతే చేతిలో ఉన్న ఎల్‌పీఎన్ లైసెన్సు కూడా ప్రమాదంలో పడుతుంది. గ్రీన్‌కార్డు మీద ఉన్నవారికి అది ఇంకెంత దూరం వెళ్తుందో నేను చెప్పనక్కర్లేదు.

మీ బీఎస్సీ సంగతి. విదేశీ డిగ్రీలను అమెరికా చదువుతో పోల్చి చూసే డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థతో మూల్యాంకనం చేయిస్తే ఇంగ్లిష్, సైకాలజీ, స్టాటిస్టిక్స్ లాంటి సాధారణ సబ్జెక్టుల్లో కొన్ని క్రెడిట్లు రావచ్చు. అనాటమీ-ఫిజియాలజీ, మైక్రోబయాలజీ మాత్రం మళ్లీ చదవాల్సి వస్తుందనే అనుకోండి. చాలా కాలేజీలు అయిదు నుంచి ఏడేళ్ల కంటే పాతవైన సైన్సు క్రెడిట్లను అంగీకరించవు. బాధపడకండి. ఈ మూడు సబ్జెక్టులు గట్టిగా చదివినవారికి నర్సింగ్ భాగం సగం తేలికవుతుంది. ఒక్కో సెమిస్టరుకు ఒక్కో సైన్సు సబ్జెక్టే తీసుకోండి. అనాటమీ రెండు భాగాలు, మైక్రో, అన్నీ పూర్తి సమయం ఉద్యోగంతో కలిపి లాగవచ్చు. ప్రవేశ పరీక్షగా టీస్ గానీ హెసీ గానీ అడుగుతారు. టీస్ అయితే చదవడం, లెక్కలు, సైన్సు, ఇంగ్లిష్ కలిపి 170 ప్రశ్నలు, 209 నిమిషాలు. మన ఇండియా చదువు లెక్కల్లో కాపాడుతుంది. చదివి అర్థం చేసుకునే భాగానికే సాధన కావాలి.

ఇక్కడ ఈ ప్రశ్న చదివే మరికొందరికి ఒక మాట, ఎందుకంటే ఇలాంటివారిని చాలామందిని చూశాను. ఆంధ్రలోనో తెలంగాణలోనో జీఎన్‌ఎం లేదా బీఎస్సీ నర్సింగ్ చదివి, ఇక్కడికి డిపెండెంటుగా వచ్చి, దారి తెలియక సీఎన్‌ఏగానో ఎల్‌పీఎన్‌గానో ఏళ్లు గడుపుతున్న అక్కచెల్లెళ్లు ఉన్నారు. మీకు బ్రిడ్జి అక్కర్లేకపోవచ్చు. మీ నర్సింగ్ విద్యను సీజీఎఫ్‌ఎన్‌ఎస్, ఇప్పుడు ట్రూమెరిట్ అంటున్నారు, ద్వారా మూల్యాంకనం చేయించి, రాష్ట్ర బోర్డు ఒప్పుకుంటే నేరుగా ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ రాయవచ్చు. పాత కాలేజీ నుంచి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ నుంచి సీల్ వేసిన కాగితాలు తెప్పించడం విసుగు పుట్టించే పని. విజయవాడకో హైదరాబాదుకో ఇంట్లోవాళ్లను పలుమార్లు పంపాల్సి రావచ్చు. అయినా రెండేళ్ల ఫీజు, రెండేళ్ల కాలం మిగులుతాయి. ఏఎన్‌ఎం చదివినవారికి మాత్రం ఈ దారి ఉండదు.

డబ్బు విషయంలో మీకు ఒక చిక్కు ఉంది, ముందే తెలుసుకోండి. గ్రీన్‌కార్డు ఉన్నవారు ఫాఫ్సా అనే దరఖాస్తు నింపి కేంద్ర ప్రభుత్వ సాయం అడగవచ్చు. తిరిగి కట్టనక్కర్లేని పెల్ గ్రాంటు గరిష్ఠం 2025-26 సంవత్సరానికి 7,395 డాలర్లు. కానీ బ్యాచిలర్ డిగ్రీ ఉన్నవారికి పెల్ ఇవ్వరు, ఆ డిగ్రీ విదేశంలో చదివినదైనా సరే. మన మూడేళ్ల బీఎస్సీని అమెరికా బ్యాచిలర్‌కు సమానంగా చూస్తారా లేదా అన్నది మూల్యాంకనం మీద, కాలేజీ సహాయ కార్యాలయం నిర్ణయం మీద ఉంటుంది. ఫారంలో ఊహించి నింపకుండా, మూల్యాంకనం కాగితం పట్టుకుని ఆ కార్యాలయానికి స్వయంగా వెళ్లండి. పెల్ రాకపోయినా ప్రభుత్వ రుణాలు వస్తాయి. హెచ్-4 మీద ఉన్నవారికి ఇవేవీ వర్తించవు. వాళ్లు కౌంటీ నివాసి ఫీజు దొరుకుతుందేమో అడిగి చూసుకోవాలి.

మీ యజమాని ఇచ్చే ఫీజు సాయం కూడా అడగండి. ఏడాదికి 5,250 డాలర్ల వరకు పన్ను లేకుండా ఇవ్వడానికి చట్టంలో వీలుంది కాబట్టి చాలా సంస్థలు ఆ మొత్తాన్నే పరిమితిగా పెట్టుకుంటాయి. ఒప్పందం మాత్రం అక్షరం అక్షరం చదవండి. చదువయ్యాక ఎన్నేళ్లు అక్కడే పనిచేయాలి, మధ్యలో వదిలితే ఎంత కట్టాలి, వారే తీసేస్తే ఏమవుతుంది, ఆర్‌ఎన్ అయ్యాక ఆర్‌ఎన్ జీతం ఇస్తారా. ఈ చివరిది రాతలో లేక ఎల్‌పీఎన్ జీతంతో నెలల తరబడి ఆర్‌ఎన్ పని చేసినవారు నాకు తెలుసు.

ఖర్చు తిరిగి వస్తుందా అన్న సందేహం ఉంటే అమెరికా కార్మిక గణాంక విభాగం అంకెలు చూడండి. 2024 మేలో ఎల్‌పీఎన్‌ల మధ్యస్థ వార్షిక జీతం 62,340 డాలర్లు, ఆర్‌ఎన్‌లది 93,600. కౌంటీ కాలేజీ ఫీజు మొదటి ఏడాది తేడాతోనే చాలావరకు తీరిపోతుంది.

పని గంటల గురించి నేను మొండిగానే ఉంటాను. ప్రిరిక్విజిట్లు ఉన్నన్నాళ్లు 40 గంటలు చేయండి. నర్సింగ్ సెమిస్టర్లు మొదలయ్యాక వారానికి 24 దాటవద్దు. ఆరోగ్య బీమా మీ ఉద్యోగం మీదే ఉంటే ఇది పెద్ద విషయం. చట్టం వారానికి 30 గంటలను పూర్తి సమయంగా లెక్కిస్తుంది, అంతకంటే తగ్గితే కంపెనీ బీమా ఇవ్వకపోవచ్చు. కాబట్టి కుటుంబాన్ని మీ భర్త బీమాలోకి మార్చే అవకాశాన్ని ఒక ఏడాది ముందే చూసుకోండి.

రాత్రి 11కు ముగిసే మీ షిఫ్టు వినడానికి చదువుకు అనుకూలంగా అనిపిస్తుంది. ఉదయం క్లాసు, మధ్యాహ్నం పని. కానీ క్లినికల్ ఉదయం 7కు మొదలవుతుంది, చాలాచోట్ల 6.45కు అక్కడ ఉండాలి. ముందురోజు రాత్రి చార్టింగ్ ముగించి ఇల్లు చేరేసరికి 12 దాటుతుంది. నిద్ర లేకుండా ఇన్సులిన్ లెక్కపెట్టే విద్యార్థిని బోధకురాలు ఇంటికి పంపేస్తుంది. అలా పంపడమే న్యాయం కూడా. అందుకని క్లినికల్ ముందురోజు సాయంత్రం పని పెట్టుకోవద్దు. శని, ఆదివారాల్లో పొడవైన షిఫ్టులు తీసుకుని మిగతా వారం ఖాళీగా ఉంచుకునే ఏర్పాటు చాలా నర్సింగ్ హోమ్‌లలో ఉంది, ఎందుకంటే వారాంతాల్లో వాళ్లకు మనుషులు దొరకరు. మీ డైరెక్టర్ ఆఫ్ నర్సింగ్‌ను సెమిస్టరుకు మూడు నెలల ముందే కలిసి, తేదీలతో సహా కాగితం ఇచ్చి అడగండి. మంచి ఎల్‌పీఎన్‌ను పూర్తిగా పోగొట్టుకోవడం కంటే వారాంతానికి ఉంచుకోవడమే వాళ్లకు లాభం. అది మీ బలం, మొహమాటం వద్దు.

ఇంటి విషయం మీకే బాగా తెలుసు. నేను చెప్పేది ఒక్కటే: మూడు సెమిస్టర్లు వంట, పిల్లల స్కూలు, హోంవర్క్ ఎవరు ఏం చేస్తారో చేరకముందే మీ ఆయనతో కూర్చుని తేల్చుకోండి. అమ్మనో అత్తగారినో విజిటర్ వీసా మీద పిలిపించే ఆలోచన ఉంటే, ఆ ఆరు నెలలు ప్రసూతి, పిల్లల నర్సింగ్ ఉన్న కష్టమైన సెమిస్టరు మీద పడేలా చూసుకోండి.

చదువుతూ పనిచేసేవారు ఎప్పుడూ గుర్తుంచుకోవాల్సిన విషయం ఇంకొకటి ఉంది. కాలేజీలో మీరు ఐవీ పుష్ (నరంలోకి నేరుగా మందు ఇవ్వడం) నేర్చుకుంటారు, పూర్తి అసెస్‌మెంట్ రాయడం నేర్చుకుంటారు. పనిలో ఎవరో 'నీకు వచ్చు కదా, చేసేయ్' అంటారు. ఎప్పటికీ చేయవద్దు. లైసెన్సు చేతికి వచ్చేవరకు, పనిలో మీరు ఎల్‌పీఎన్ మాత్రమే. విద్యార్థిగా మీకున్న అనుమతి క్లినికల్ స్థలంలో, బోధకురాలి కింద మాత్రమే చెల్లుతుంది. కొత్త రెసిడెంటు అడ్మిషన్ అసెస్‌మెంట్ మీద ఆర్‌ఎన్ చూడకుండానే మీ సంతకంతో ముగించమన్నా అంతే. మర్యాదగా కాదనండి, కాదన్న సంగతి రాసిపెట్టుకోండి.

ఎన్‌క్లెక్స్ గురించి పొడుగ్గా రాయను, మీరు పీఎన్ (ఎల్‌పీఎన్ లైసెన్సు) పరీక్ష రాసినవారే. ఆర్‌ఎన్‌కూ కనీసం 85, గరిష్ఠం 150 ప్రశ్నలు, అయిదు గంటలు, 200 డాలర్ల ఫీజు. తప్పితే 45 రోజుల తర్వాత మళ్లీ రాయవచ్చు. ఎల్‌పీఎన్‌లు జారిపోయే చోటు ఒకటుంది. పీఎన్ పరీక్షలో 'ఆర్‌ఎన్‌కు తెలియజేయాలి' అన్నది చాలాసార్లు సరైన జవాబు. ఇక్కడ ఆర్‌ఎన్ మీరే. డాక్టరుకు ఫోను చేసే ముందు మీరు ఇంకా చూడాల్సింది ఏమైనా ఉందా అని ప్రశ్న అడుగుతుంది. అలాగే నలుగురు రోగుల్లో ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలన్న ప్రశ్నల్లో, ఆ జబ్బులో ఊహించదగిన లక్షణం ఉన్నవారిని కాకుండా కొత్తగా మారినవారిని ఎంచుకోవాలి. సీఓపీడీ (దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నాయనకు ఆక్సిజన్ 90 ఉండడం కొత్త కాదు. నిన్నటిదాకా బాగా మాట్లాడి ఈరోజు తేదీ తడబడుతున్న ఆవిడ దగ్గరికే ముందు వెళ్లాలి. పని పంచే ప్రశ్నల్లో అసెస్‌మెంట్, బోధన, ఫలితాన్ని అంచనా వేయడం ఎవరికీ అప్పగించకూడదు. ఇన్నేళ్లు పని అందుకున్న మీరు ఇప్పుడు పంచాలి. అలవాటు మారడానికి సమయం పడుతుంది, అందుకని ఈ రకం ప్రశ్నలు చివరి నెలకు వదలకుండా మొదటి సెమిస్టరు నుంచే చేయండి.

ఆర్‌ఎన్ అయ్యాక ఎక్కడికి? ఆసుపత్రికి వెళ్లకపోతే ఆర్‌ఎన్ అయ్యి లాభం లేదని మీకు ఎవరో చెప్పారని రాశారు. నేను ఒప్పుకోను. 1987లో వచ్చిన సంస్కరణ చట్టం నుంచి ప్రతి నర్సింగ్ హోమ్‌లో వారంలో ఏడు రోజులూ, రోజుకు వరసగా ఎనిమిది గంటలు ఆర్‌ఎన్ ఉండాలని, నర్సింగ్ డైరెక్టరుగా ఆర్‌ఎన్ పనిచేయాలని నియమం ఉంది. 24 గంటలూ ఆర్‌ఎన్ ఉండాలని 2024 మేలో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వును 2025 ఏప్రిల్‌లో టెక్సస్ ఫెడరల్ కోర్టు కొట్టేసింది. ఇది నాకు ఇప్పటికీ బాధే. రాత్రి రెండు గంటలకు శ్వాస ఆడని ముసలాయనకు ఆర్‌ఎన్ అవసరం పగలు కంటే తక్కువేమీ కాదు. ఆ నియమం నిలిచినా నిలవకపోయినా అవసరం మాత్రం అలాగే ఉంది. సూపర్‌వైజరు, గాయాల నర్సు, ఎండీఎస్ (ప్రతి రెసిడెంటు స్థితిని నమోదు చేసే ప్రామాణిక అసెస్‌మెంటు) కోఆర్డినేటరు, ఇన్ఫెక్షన్ నియంత్రణ నర్సు, హాస్పిస్ (చివరి దశ సంరక్షణ): వృద్ధులను బాగా ఎరిగిన ఆర్‌ఎన్ కోసం ఈ పనులన్నీ ఎదురుచూస్తున్నాయి. ఎండీఎస్ అసెస్‌మెంటు పూర్తయిందని సంతకం చేయడానికి ఆర్‌ఎన్ ఉండి తీరాలి. మెడికేర్ చెల్లింపులు దాని మీదే నడుస్తాయి కాబట్టి ఆ పని తెలిసినవారికి గిరాకీ ఎక్కువ, పగటి ఉద్యోగం కూడా.

అయినా ఆసుపత్రిలో పనిచేయాలన్న కోరిక మీ మనసులో నిజంగా ఉంటే, మొదటి ఏడాదిలోనే వెళ్లండి. కొత్త ఆర్‌ఎన్‌లకు ఆసుపత్రులు ఇచ్చే రెసిడెన్సీ శిక్షణల్లో చాలావాటికి ఏడాదిలోపు అనుభవం ఉన్నవారినే తీసుకుంటారు. నర్సింగ్ హోమ్‌లో రెండేళ్లు ఆర్‌ఎన్‌గా చేసి వెళ్తే 'కొత్తవారూ కాదు, ఆసుపత్రి అనుభవమూ లేదు' అని మధ్యలో చిక్కుకుపోతారు. చదువు చివరి సెమిస్టరులోనే ఈ నిర్ణయం తీసుకోవాలి.

36 ఏళ్ల వయసు గురించి అడిగారు. బ్రిడ్జి తరగతుల్లో ముప్పైలు, నలభైలు దాటినవారే నాకు ఎక్కువగా కనిపించారు. బోధకులు కూడా వాళ్లతో పెద్దవాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడతారు. మీకున్న సమస్య వయసు కాదు, గడువులు. చాలా కౌంటీ కాలేజీలు బ్రిడ్జికి ఏడాదికి ఒక్కసారే తీసుకుంటాయి, దరఖాస్తు నెలల ముందే ముగుస్తుంది, అప్పటికి సైన్సు సబ్జెక్టులు, టీస్ స్కోరు చేతిలో ఉండాలి. కాబట్టి ఈ నెలలో బీఎస్సీ మార్కుల జాబితా మూల్యాంకనానికి పంపి, వచ్చే సెమిస్టరుకు అనాటమీ మొదటి భాగంలో పేరు నమోదు చేసుకోండి. మూల్యాంకనం వచ్చాక ఏయే సబ్జెక్టులు ఒప్పుకున్నారో నాకు రాయండి, ఏ కాలేజీ వరసకు అవి సరిపోతాయో కలిసి చూద్దాం.